ఓడలో నెట్: యాంటెన్నాకు ఎక్కువ మార్కులు, కూపన్లకు తక్కువ

ఇనుప ఖనిజం మోసే ఒక బల్క్ క్యారియర్‌లో ఏడు నెలల కాంట్రాక్టు ముగించుకొని పోయిన నెలలోనే కడపకు, ఎర్రముక్కపల్లెలోని మా ఇంటికి చేరాను. నాది ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసరు ఉద్యోగం. ఓడల్లో ఈటీఓ అంటారు. ఇంజన్ గదిలోని మోటార్ల నుంచి మంకీ ఐలాండ్ (ఓడ నడిపే గదికి పైకప్పు) మీది యాంటెన్నాల దాకా కరెంటు తీగ ఉన్న ప్రతి వస్తువూ నా పద్దులోకే వస్తుంది కాబట్టి, సిబ్బందికి ఇచ్చే ఇంటర్నెట్ ఆగితే అందరూ ముందుగా తట్టేది నా క్యాబిన్ తలుపే. మర్చంట్ నేవీకి వెళ్లాలనుకునే మా వైపు పిల్లలు ఇప్పుడు జీతం కంటే ముందు "ఓడలో నెట్ వస్తుందా అన్నా" అని అడుగుతున్నారు. వారి కోసం, వారిని పంపే ఇంటివారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ పేరు గానీ నెట్ అమ్మిన సంస్థ పేరు గానీ రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే లోపాలు నా పాత ఓడల్లోనూ ఏదో ఒక రూపంలో చూసినవే.

సాంకేతికంగా చూస్తే ఈ సేవకు వంక పెట్టడం కష్టం. అంతకుముందు నేను పనిచేసిన ఓడలో భూస్థిర ఉపగ్రహంతో నడిచే యాంటెన్నా ఉండేది. ఆ ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది గనుక మనం ఒక మాట అని దానికి బదులు వినడానికి దారి ఖర్చే దాదాపు అర సెకను. మధ్యలోని పరికరాల ఆలస్యం కలిస్తే ఇంకా ఎక్కువ. వినడానికి చిన్న సంగతే, కానీ ఇంటికి ఫోన్ చేస్తే అదే పెద్ద చిక్కు. "బువ్వ తిన్యావా నాయనా" అని మా అవ్వ అడిగేది, నా జవాబు అందేలోపు మళ్లీ అదే అడిగేది, రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడి ఇద్దరమూ ఆగిపోయేవాళ్లం. ఆ తర్వాత ఫోన్ మా అమ్మ చేతిలో పెట్టి "వాడు పలకల్యా, అలిగినట్టుండాడు" అనేది. ఈసారి ఎక్కిన ఓడలో సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలతో పనిచేసే పలక వంటి యాంటెన్నా బిగించారు. 2022 జూలైలో స్టార్‌లింక్ అనే ఉపగ్రహ నెట్ సంస్థ ఓడల కోసం ప్రత్యేక సేవ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ తరహా పలకలు ఓడలపై కనిపిస్తున్నాయి. ఏడు నెలల్లో మా అవ్వ నన్ను ఒక్కసారి కూడా అలిగావా అని అడగలేదు.

నిర్వహణ విషయంలోనూ తేడా ఉంది. పాత యాంటెన్నా తెల్లటి గుమ్మటం లోపల మోటార్ల మీద తిరుగుతూ, ఓడ ఎటు ఊగినా ఒకే ఉపగ్రహాన్ని పట్టుకొని ఉండాలి. ఓడ ఎటు తిరిగి ఉందో చెప్పే గైరో కంపాస్ నుంచి దిశ అందకపోతే దారి తప్పుతుంది, ఓడ మలుపు తిరిగి పొగగొట్టం అడ్డొస్తే మూగబోతుంది. పలకలో తిరిగే భాగాలే లేవు. వారానికోసారి మంచినీళ్లతో ఉప్పు, పొగగొట్టం మసి కడిగితే చాలు. జోరువానలో ఇది కూడా తడబడుతుంది. కొన్ని దేశాల తీరజలాల్లోకి ప్రవేశించగానే అనుమతి లేదంటూ దీన్ని ఆపేయవలసి వస్తుంది. బ్రెజిల్ నుంచి కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి చైనాకు నలభై రోజుల దాకా పట్టే ప్రయాణంలో నడిసముద్రమంతా నెట్ ఉండి, తీరం కనబడగానే పోవడం మాకు వింతగా తోచేది.

నా ఫిర్యాదంతా పంపకం మీదే. ఆఫీసర్లకు వారానికి 10 జీబీ, రేటింగ్స్‌కు 5 జీబీ చొప్పున కూపన్లు ఇచ్చేవారు. ఇంజన్ గదిలో పనిచేసే ఆయిలర్, ఫిట్టర్, డెక్ మీద పనిచేసే ఏబీ, భోజనాలు వడ్డించే మెస్‌మన్ వంటి, ఆఫీసర్లు కాని సిబ్బందినే రేటింగ్స్ అంటారు. మా ఓడలో వారి కాంట్రాక్టు తొమ్మిది నెలలు, నాకంటే రెండు నెలలు ఎక్కువ. ఎక్కువ కాలం ఇంటికి దూరంగా ఉండేవాడికి తక్కువ నెట్ ఇవ్వడంలోని న్యాయం నాకు ఏడు నెలల్లోనూ అర్థం కాలేదు. అదనంగా కావాలంటే డాలర్లలో కొనుక్కోవాలి, ఆ సొమ్ము జీతంలోంచి కోత పడుతుంది. సముద్ర కార్మిక ఒప్పందం, అంటే 2006 నాటి ఎంఎల్‌సీని భారతదేశం 2015లో ఆమోదించింది. దానికి 2022లో చేర్చిన సవరణలు 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లో ఉన్నాయి. ఆచరణలో సాధ్యమైనంత మేరకు ఓడ యజమాని సిబ్బందికి ఇంటర్నెట్ కల్పించాలనీ, రుసుము తీసుకుంటే అది సముచితంగా ఉండాలనీ అవి చెబుతున్నాయి. అయితే ఎవరికి సముచితం అన్నది ఆయిలర్ జీతం పట్టీ చూసి తేల్చవలసిన మాట.

ఒక మంగళవారం ఉదయం ఇచ్ఛాపురం ఆయిలర్ ఫోన్ పట్టుకొని నా తలుపు దగ్గర నిలబడ్డాడు. "సార్, నేను వీడియో ఒక్కటి కూడా చూడలేదు, ఐదూ అయిపోయాయి" అన్నాడు. ఫోన్ తీసుకొని చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది: మూడు నెలల ఫొటోలు రాత్రికి రాత్రి బ్యాకప్ అయిపోయాయి, ఇంటి వాట్సాప్ గ్రూపులో వచ్చిన పెళ్లి వీడియోలన్నీ వాటంతటవే దిగాయి. కొత్త కూపన్ సోమవారమే వస్తుంది కాబట్టి ఆ వారమంతా అతడు మెసేజ్‌లతోనే నెట్టుకొచ్చాడు. ఓడ ఎక్కే ముందే ఆటోమేటిక్ బ్యాకప్, ఆటో డౌన్‌లోడ్, యాప్ అప్‌డేట్లు మూడూ ఆపేసుకోవాలని కంపెనీ ఒక్క కాగితం మీద రాసిచ్చినా సరిపోయేది. (మా ఇంటి గ్రూపులో రోజూ వచ్చే శుభోదయం పూల బొమ్మలు కూడా తక్కువ తినవు, కానీ ఆ మాట ఇంట్లో ఎవరు చెప్పగలరు!)

రాత్రి పదకొండుకు వైఫై కట్టేయాలన్న నియమం ఇంకొకటి. నిద్ర పాడవుతుందన్న భయం అబద్ధమేమీ కాదు. ఇరవై నాలుగు గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఉండాలని నియమం, శిక్షణలో ఉన్న మా క్యాడెట్ ఒకడు నిజంగానే తెల్లవార్లూ ఫోన్‌తోనే గడిపేవాడు. అయితే అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే ఓడ నడిపే డ్యూటీ, చేసే సెకండ్ మేట్ అనే ఆఫీసరు సంగతేమిటి? దక్షిణ అట్లాంటిక్‌లో అతడు తెల్లవారుజామున నాలుగుకు వాచ్ దిగేసరికి మన దగ్గర ఉదయం పదకొండు దాటుతుంది, ఇంట్లో వాళ్లు తీరిగ్గా మాట్లాడే వేళ. సరిగ్గా అప్పుడే అతనికి నెట్ ఉండదు. మూడో నెలలో కెప్టెన్‌కు ఈ లెక్క వేసి చూపించాక నియమం తీసేశారు, క్యాడెట్‌ను విడిగా పిలిచి మందలించారు.

వినోదం విషయానికొస్తే, ప్రయాణానికి సరిపడా సినిమాలు, పుస్తకాలు ఉంచి అప్పుడప్పుడు మార్చాలని పైన చెప్పిన ఎంఎల్‌సీ మార్గదర్శకాల్లోనే ఉంది. సిబ్బంది తిని కూర్చునే మా మెస్ రూములో పాత సినిమాలున్న హార్డ్ డిస్క్ ఒకటి, ఫిలిప్పీన్స్ మిత్రులు వదలని కరావోకే యంత్రం ఒకటి ఉండేవి. క్యారమ్ బోర్డు లంగరు వేసినప్పుడే పనికొచ్చేది, ఊగే ఓడలో స్ట్రైకర్ దానంతటదే రంధ్రంలోకి జారిపోయేది. నెట్ వచ్చి మెస్ రూమ్ ఖాళీ అయిందని పాతవారు వాపోతారు గానీ నేను ఒప్పుకోను. నెట్ లేని రోజుల్లోనూ ఎవరి ల్యాప్‌టాప్ వారు క్యాబిన్‌లో పెట్టుకొని తలుపు వేసుకోవడం చూశాను. ఇక తెలుగు ఓటీటీ యాప్‌లు చాలావరకు తెరుచుకోలేదు, నెట్ చిరునామా వేరే దేశానిదిగా కనబడడమే కారణం. ముందుగా దింపుకొన్న సినిమాలకూ గడువు తీరిపోయేది.

మొత్తం మీద యాంటెన్నాకు ఐదుకు నాలుగున్నర, పంపకానికి రెండు, వినోదానికి ఒకటిన్నర మార్కులు ఇస్తాను. ఓడ ఎక్కబోయేవారు బ్యాంకు సంగతి కూడా ముందే చూసుకోవాలి. నెట్ ఎంత బాగున్నా సిమ్‌కు సిగ్నల్ ఉండదు గనుక ఎస్ఎంఎస్‌లో రావలసిన ఓటీపీ నడిసముద్రంలో రాదు. ఈసారి మా చెల్లెలి కాలేజీ ఫీజు కట్టలేక, చివరికి నాయన కడపలో బ్యాంకు వరుసలో నిలబడవలసి వచ్చింది. అందుకే వచ్చే కాంట్రాక్టుకు ముందు నాయనతో జాయింట్ ఖాతా తెరిచి, ఆ ఖాతాకు ఆయన నంబరే ఇచ్చాను.