డౌన్‌బీట్‌కు చందా కట్టాలా, జాజ్‌వైజ్‌కా?

వయసులో పోలికే లేదు: షికాగోలో 1934లో మొదలైన జాజ్ సంగీత పత్రిక డౌన్‌బీట్ ముందు, 1997లో బ్రిటన్‌లో వచ్చిన మరో జాజ్ పత్రిక జాజ్‌వైజ్ నిన్నటి పిల్ల.

డౌన్‌బీట్‌కు ప్రాణం 'బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్'. ఎవరు వాయించారో చెప్పకుండా రికార్డు వినిపిస్తే, పేరుమోసిన వాద్యకారులు సైతం ఒక్కోసారి పోల్చుకోలేక, మొహమాటం లేకుండా మాట్లాడే ఆ పేజీకి ఏ సమీక్షా సాటిరాదని నా అభిప్రాయం. జాజ్‌వైజ్ బలం బ్రిటన్ కొత్త తరం, అంటే 2023లో ఏటి మేటి ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ బహుమతి గెలిచిన తొలి జాజ్ బృందం ఎజ్రా కలెక్టివ్ వంటివారు.

ఖర్చు: అచ్చు ప్రతికి రెండింటికీ తపాలా భారమే, డిజిటల్ చాలు.

చిక్కు: విమర్శకులు, పాఠకులు ఓట్లేసి మేటి వాద్యకారులను ఎంచే డౌన్‌బీట్ వార్షిక పోల్స్‌నే నమ్ముకుంటే అమెరికా బయటి సంగీతం కొంత చూపు దాటిపోతుంది, జాజ్‌వైజ్‌లోని లండన్ కచేరీల వివరాలు హైదరాబాద్ పాఠకుణ్ణి ఊరించడానికే.

సోలోల (ఒక్కరే వాయించే భాగాల) స్వరలిపితో సాధన చేసేవారికి డౌన్‌బీట్, కొత్త ఆల్బమ్‌ల కోసం వెతికేవారికి జాజ్‌వైజ్ నప్పుతాయి.