జపనీస్ మాజాంగ్ యాకు కార్డులు: కొనండి, కానీ ఫు లెక్క మాత్రం వేరే చోట నేర్చుకోండి

రెండు నెలలుగా ఈ కార్డులు వాడుతున్నా, ఇప్పుడు చెప్పచ్చు అనిపించి రాస్తున్నా. మాజాంగ్ అంటే బొమ్మలున్న బిళ్ళలతో (టైల్స్‌తో) ఆడే ఆట, అందులో యాకులు, అంటే గెలవడానికి చేతిలో ఉండాల్సిన నమూనాలు, షరతులు నేర్పే కార్డుల ప్యాక్ ఒకటి, దాంతోపాటు మడతపెట్టిన స్కోరింగ్ షీట్ ఒకటి వచ్చాయి.

రమ్మీ ఆడినవాళ్ళకి సీక్వెన్సులు, ట్రిప్లెట్లు పేర్చడం కొత్తేం కాదు, ఇక్కడ మామూలుగా నాలుగు సెట్లు, ఒక జత కలిపి 14 టైల్స్ కుదరాలి. కానీ కుదిరితే సరిపోదు, కనీసం ఒక్క యాకు ఉండాలి, అది లేకపోతే చేతిలో డోరాలు (బోనస్ టైల్స్) ఎన్నున్నా గెలుపు చెప్పకూడదు. కొత్తవాళ్ళందరూ తడబడేది ఇక్కడే.

ఈ కార్డుల్లో నాకు బాగా నచ్చింది వరస. కొకుషి ముసో, దైసాన్‌గెన్ లాంటి యాకుమాన్‌లు, అంటే అన్నిటికంటే విలువైన హ్యాండ్లు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ ఎప్పుడో గానీ పడవు, అందుకే వాటిని అడుగున పెట్టి రీచీ (ఇంకొక్క టైల్ పడితే గెలుస్తానని ముందే ప్రకటించడం), తన్యావో (1లు, 9లు, గాలి, డ్రాగన్ టైల్స్ లేని చెయ్యి), యాకుహాయ్ (డ్రాగన్ లాంటి విలువున్న టైల్ ట్రిప్లెట్), పిన్ఫు పైన పెట్టారు. రోజూ ఆటలో పడేవి ఇవే కదా. పిన్ఫు కార్డు అయితే ఎంత మెచ్చుకున్నా తక్కువే. నాలుగూ సీక్వెన్సులే అవ్వాలి, జత విలువున్న టైల్ కాకూడదు, రెండువైపులా వెయిట్ ఉండాలి (చేతిలో 56 ఉంటే 4 పడినా 7 పడినా సరిపోయేలా), చెయ్యి క్లోజ్డ్‌గా ఉండాలి (ఎదుటివాళ్ళు పారేసిన టైల్ తీసుకుని ముందే సెట్ చేసుకోకూడదు, చేసుకుంటే ఓపెన్), ఇన్ని షరతులు చదివితే గుర్తుండవు, వీళ్ళేమో ఒక సరైన హ్యాండ్ వేసి, దాని కింద ఒక్కో టైల్ మార్చి ఎందుకు చెడిందో చూపించారు, ఒక్క సాయంత్రంలో బుర్రకెక్కేసింది.

ఇంక తప్పు సంగతి. ఓపెన్ చేస్తే విలువ తగ్గే యాకులకి రెండు అంకెలూ ఇచ్చారు, హోనిట్సు 3 హాన్ (యాకుల విలువ కొలిచే లెక్క) నుంచి 2కి, చినిట్సు 6 నుంచి 5కి, సన్‌షోకు 2 నుంచి 1కి. కానీ ఈపేకో (ఒకే సీక్వెన్స్ రెండుసార్లు) క్లోజ్డ్‌లో మాత్రమే చెల్లుతుందనే ముక్క ఆ కార్డు మీద ప్రింట్ అవ్వలేదు! నా చేతిలో మాన్ 223344, పిన్ 56, సో 9ల జత ఉన్నాయి (మాన్, పిన్, సో అంటే టైల్స్‌లో మూడు రంగులు), సో 789కి చీ అని (పక్కవాళ్ళు పారేసిన టైల్‌తో సీక్వెన్స్ చేసుకుని) ముందే తీసుకున్నా, పిన్ 7 పడగానే రోన్ (ఎదుటివాళ్ళు పారేసిన టైల్‌తో గెలుపు) అన్నా. టైల్స్ తిప్పి చూపిస్తే ఎదుటివాళ్ళు యాకు ఏదని అడిగారు. చీ అన్నప్పుడే ఈపేకో పోయింది, 9లు ఉన్నాయి కాబట్టి తన్యావో కూడా లేదు. రమ్మీలో రాంగ్ షో లాగా చోంబో (తప్పుడు గెలుపుకి జరిమానా) పడి మాంగన్ (ఒక పెద్ద స్థిరమైన స్కోరు) పాయింట్లు కట్టాను, చాలా బాధేసింది. ఇప్పుడా కార్డు మీద పెన్నుతో నేనే రాసి పెట్టుకున్నా.

స్కోరింగ్ షీట్‌లో ఒట్టి పట్టికే ఉంది. 30 ఫు (చేతి కూర్పుకి వచ్చే చిన్న పాయింట్లు) దగ్గర ఒకటి నుంచి నాలుగు హాన్‌ల వరకు 1000, 2000, 3900, 7700 అని చూసి చదువుకోవచ్చు, కానీ ఆ ఫు ఎలా వచ్చిందో ఎక్కడా చెప్పలేదు. ఒక్క ఉదాహరణ ఇచ్చినా సరిపోయేది: చెయ్యి ఓపెన్ చెయ్యకుండా రీచీ పెట్టి రోన్ కొట్టారు, అందులో మీరే లాగి పోగేసుకున్న తెల్ల డ్రాగన్ ట్రిప్లెట్ ఉంది, ఇంకేం విశేషం లేదు అనుకోండి, మొదటి 20, క్లోజ్డ్ రోన్‌కి 10, ఆ ట్రిప్లెట్‌కి 8, మొత్తం 38, పైకి సరిచేస్తే 40 ఫు. రీచీ ఒకటి, యాకుహాయ్ ఒకటి, 2 హాన్. డీలర్ కాకపోతే 2600. ఇలా కాగితం మీద పది హ్యాండ్లు వేసుకుంటే చాలు, పట్టిక దానంతటదే గుర్తుంటుంది.

ఇంకోటి, పేర్లకి అర్థాలు ఇవ్వలేదు. సన్‌షోకు అంటే మూడు రంగులు, చీటోయిట్సు అంటే ఏడు జతలు, అది తెలిస్తే బట్టీ పట్టే పనే ఉండదు. నేను కార్డుల వెనకాల తెలుగులో రాసుకున్నా, జపనీస్ పలుకు మన అక్షరాల్లో చక్కగా ఇమిడిపోతుంది కూడా.

అయిదుకి మూడున్నర ఇస్తా, ఆ అర కేవలం పిన్ఫు కార్డుకే.