మద్దిచెట్టుపై దసలి పురుగులకు నైలాన్ వల సంచి: ఒక పంట వాడిన తర్వాత

మల్బరీ పట్టుపురుగును తట్టల్లో, కప్పు కింద పెంచవచ్చు గాని, టసర్ పట్టునిచ్చే దసలి పురుగు మద్ది లాంటి చెట్ల మీదే ఎండకూ వానకూ తట్టుకుంటూ పెరగాలి. అచ్చంపేట దగ్గర మా పొలం గట్టున ఉన్న తెల్లమద్ది చెట్ల కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన నైలాన్ వల సంచులను వానాకాలం పంట పూర్తయ్యేదాకా వాడి ఈ అభిప్రాయం రాస్తున్నాను.

సంచికి రెండు కొసలా తాళ్లు, పక్కన జిప్పు ఉన్నాయి. కొమ్మకు తొడిగి మొదట్లో బిగించి కట్టాలి. రెండో జ్వరం (పురుగు పొర విడవడం) దాకా, అంటే పసిపురుగుల చాకీ దశలో, దీని పనితనం చాలా బాగుంది. కందిరీగలు గాని, పురుగు ఒంటిపై గుడ్డు పెట్టే ఊజీ ఈగ గాని ఆ సన్నని కన్నుల్లోంచి లోపలికి రాలేదు. చీమలు రాకుండా మాత్రం తాడు కింద బెరడు చుట్టూ పాత గుడ్డ చుట్టాలి. ఆ సంగతి అమ్మినవారు ఎక్కడా చెప్పలేదు.

అసలు లోపం పురుగు చివరిదైన ఐదో దశలో బయటపడుతుంది. పురుగు తన జీవితంలో తినే ఆకులో అధికభాగం అప్పుడే తింటుంది కనుక, ప్యాకెట్ మీద రాసినట్టు సంచికి 50 పురుగులను వదిలితే ఒక్క కొమ్మ ఆకు వాటికి ఏమాత్రం చాలదు. ఆకలిగొన్న పురుగులు వలనో, ఆకు అయిపోయిన రెమ్మనో పట్టుకుని అలాగే ఉండిపోతాయి. వాటిని చేత్తో లాగితే కాళ్లు దెబ్బతింటాయి కాబట్టి, పట్టుకున్న రెమ్మను కత్తిరించి రెమ్మతో సహా కొత్త కొమ్మకు మార్చాలి. అడుగున చేరే పెంట వానల్లో కుళ్లి తెగులు తెస్తుంది. కింది తాడు విప్పి రోజూ దులపక తప్పదు.

గూటిలోంచి రెక్కలతో వచ్చే పట్టుచిలుకలకు మాత్రం ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. గూళ్లను రెమ్మలతో సహా ఇందులో వేలాడదీస్తే, బయటికి వచ్చిన చిలుక వలను పట్టుకుని వేలాడుతూ జానెడు రెక్కలను పూర్తిగా విప్పుకుంటుంది. అట్టపెట్టె నున్నటి గోడ మీద పట్టు దొరకక పడిపోతే ఆ రెక్కలు ముడతలుగానే ఆరిపోతాయి. చిలుకకు తినే నోరు ఉండదు కనుక మేత బాధ లేదు.

పెబ్రిన్ తెగులు తల్లి నుంచి గుడ్డుకు సంక్రమిస్తుంది. దాన్ని ఏ వలా ఆపలేదు. అందుకని తల్లి చిలుకను మైక్రోస్కోపుతో పరీక్షించిన గుడ్లనే తీసుకోండి. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వు నుంచి గూళ్లు ఏరి తేవద్దు. సంచుల్లో పెద్ద సైజే కొనండి; చిన్నది చాకీ దశ దాటితే పనికిరాదు.