చిన్న వీడియోకి హెచ్.264 మేలా, హెచ్.265 మేలా?

పర్లాకిమిడిలో మా వీధి పిల్లలు తెలుగు పద్యాలు చదువుతుంటే నిమిషం వీడియోలు తీసి డౌన్‌లోడ్‌కి పెడుతున్నాను. గుణుపురం వైపు చుట్టాలు దించుకుంటారు. కొండవార సిగ్నల్ సంగతి తెలిసిందేగా, అందుకే సైజు టెన్షన్. హెచ్.264, హెచ్.265 అనేవి వీడియోని కుదించే రెండు పద్ధతులు.

2003లో వచ్చిన హెచ్.264 పాత ఫోన్‌లోనైనా, ఇంచుమించు ఏ బ్రౌజర్‌లోనైనా ఆడుతుంది. 2013 నాటి హెచ్.265 దాదాపు అదే నాణ్యతని సుమారు సగం బిట్‌రేట్‌తో (అంటే సెకను వీడియోకి పట్టే డేటా) ఇస్తుంది. సెకనుకు 1 మెగాబిట్ అంటే నిమిషానికి 7.5 ఎంబీ, సగమైతే 4 ఎంబీ లోపే. చూడ్డానికి రెండోదే గెలిచినట్టుంది. కానీ దాన్ని తయారు చేయడానికి నా పాత ల్యాప్‌టాప్ చాలాసేపు రొప్పుతుంది. పైగా మా పెదనాన్న ఫోన్‌లో మాట వినబడింది, బొమ్మ రాలేదు. "పిల్లాడేడిరా?" అని ఫోన్ చేశారు.

నా ఓటు హెచ్.264కే. పద్యం చదివే పిల్లాడు పెద్దగా కదలడు కాబట్టి 480పీ, సీఆర్‌ఎఫ్ 26 (ఈ అంకె పెరిగేకొద్దీ సైజూ, నాణ్యతా తగ్గుతాయి) పెట్టినా బాగానే ఉంటుంది, సైజూ తగ్గుతుంది. గుంపు నాట్యాన్ని మాత్రం అంత పిండకూడదు, ముఖాలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. 23 దగ్గర ఆగండి. వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో 'వెబ్ ఆప్టిమైజ్డ్' గడిలో టిక్ పెడితే, పూర్తిగా దిగకముందే బ్రౌజర్‌లో ఆడటం మొదలవుతుంది.

హెచ్.265ని ఇంట్లో దాచుకునే పొడుగాటి పెళ్లి వీడియోలకి వాడుతున్నాను.