గవర్నర్‌పేటలో వేయించిన రెన్వార్ ప్రింటు

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1877లో చిత్రించిన నటి జాన్ సమరీ రూపచిత్రాన్ని విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ఫ్రేముల దుకాణంలో కాన్వాస్ మీద ప్రింటు వేయించుకున్నాను. మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో ఉన్న అసలు చిత్రం సుమారు 56 సెంటీమీటర్ల ఎత్తు, 47 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. నేనూ ఆ కొలతే అడిగాను. ఫ్రేముతో కలిపి 2,400 రూపాయలయింది.

మొదటి ప్రింటు చూడగానే ఉసూరుమనిపించింది. పెళ్లి ఆల్బమ్‌లు దిద్ది దిద్ది చెయ్యి అలవాటైన ఆపరేటరు, ఆమె గడ్డం కింద కనిపించే ఆకుపచ్చ, నీలి ఛాయలను మరకలనుకొని తుడిచేసి, చెంపలను నున్నగా చేసి, మేనిఛాయను తెల్లబరిచారు. అయితే ఆ చిత్రం ప్రాణమంతా అక్కడే ఉంది. రెన్వార్ వంటి, వెలుతురును రంగుల్లో పట్టిన ఇంప్రెషనిస్టు చిత్రకారులు నీడను నలుపుతోనో ముదురు గోధుమ రంగుతోనో నింపకుండా, పక్కనున్న వస్తువుల రంగును అందులోకి దించేవారు. నీలం కలిసిన ఆకుపచ్చ దుస్తుల ఛాయ మెడ మీద వాలడం వల్లనే, వెనకనున్న గులాబీ రంగు అంత వెచ్చగా అనిపిస్తుంది.

ఫోనులో బొమ్మను పెద్దది చేసి చూపించాక, ఆయన విసుక్కోకుండా, అదనంగా డబ్బు తీసుకోకుండా, ఏమీ దిద్దకుండా మళ్లీ వేసి ఇచ్చారు. ఈ రెండో ప్రింటులో దుస్తుల మీది ఏటవాలు కుంచె గీతలు దగ్గరగా చూస్తే ఒకదానితో ఒకటి పొంతన లేని రంగు చారల్లా ఉండి, నాలుగడుగులు వెనక్కి వేసేసరికి బట్ట ముడతలుగా కుదురుకుంటాయి. ముఖం దగ్గర మాత్రం కుంచె మెత్తబడి, కళ్ల దగ్గర స్థిరపడుతుంది. అందుకే చూపు ఎక్కడెక్కడ తిరిగినా చివరికి ఆ కళ్ల మీదే నిలుస్తుంది.

లోపాలు లేకపోలేదు. రంగు పూత మందం ప్రింటులో ఎలాగూ రాదు. దానిపై మెరిసే ల్యామినేషన్ కూడా వేస్తే ట్యూబులైటు ప్రతిబింబం తప్ప గీతలు కనిపించవు కనుక, మెరుపు లేని మ్యాట్ పూతే కావాలని ముందే గట్టిగా చెప్పాలి. దుకాణంలోని పసుపు దీపాల కింద సరిగ్గా ఉన్న గులాబీ రంగు ఇంట్లో పగటి వెలుతురులో కాస్త వేరుగా తేలింది, కాబట్టి డబ్బు చెల్లించే ముందు ప్రింటును గుమ్మం బయటకు తెచ్చి చూసుకోవడం మంచిది.

మొదటి ప్రింటును వాళ్లు పారేయలేదు. దుకాణం గోడకు నమూనాగా తగిలించారు. వచ్చినవాళ్లలో చాలామందికి అదే నచ్చుతోందట.