రిగ్లీ ఫీల్డ్ నుంచి మిల్వాకీ దాకా: రెండు బేస్‌బాల్ మైదానాలు, స్థానిక బీరు, ఒక హోటల్ బిల్లు

షికాగోకు, మిల్వాకీకి మధ్య దూరం తొంభై మైళ్ళ పైచిలుకు మాత్రమే. బేస్‌బాల్ చూడడానికి వెళ్ళేవారిలో చాలామంది షికాగోతోనే సరిపెట్టుకుని వెనక్కి వచ్చేస్తారు. 2024 వేసవిలో నేను, నా భార్య, గుంటూరు నుంచి వచ్చిన అక్క, బావగారు కలిసి ఇండియానాపొలిస్ నుంచి కారులో బయలుదేరి రెండు చోట్లా ఆటలు చూశాము. ఒక్క ఊరికే సమయం ఉన్నవారు మిల్వాకీకే వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. అలా అనడానికి సగం కారణం మిల్వాకీ మంచితనమైతే, మిగతా సగం షికాగోలో మేము బస చేసిన హోటల్.

ఆ హోటల్ వారు గదికి రాత్రికి 189 డాలర్లని చూపించారు. తీరా దిగిన తరువాత కౌంటరులోని ఉద్యోగి, తప్పనిసరి సౌకర్యాల రుసుము 35 డాలర్లని, ఆ రెండింటి మీద పన్ను 17.4 శాతమని, కారు నిలుపుకొనేందుకు 48 డాలర్లని వరుసగా చెప్పుకుంటూ పోయి, ఒక్కో గదికి రాత్రికి దాదాపు 311 డాలర్ల లెక్క తేల్చాడు. పన్నుతో మాకు పేచీ లేదు. షికాగోలో హోటళ్ళ పన్ను ఎక్కువని తెలిసిందే. ఆ 35 డాలర్లకు ఏ సౌకర్యాలు ఇస్తారని అడిగితే వైఫై, వ్యాయామశాల, గదిలో రెండు నీళ్ళ సీసాలు అన్నాడు. వ్యాయామశాల మరమ్మతులో ఉందని తలుపు మీద కాగితం అంటించి ఉన్నది. ఆ మాటే చెబితే, వెనుక వరుసలో జనం ఉన్నారు, సంతకం పెట్టండి అని తెరను మా వైపు తిప్పాడు. పెద్దవారు ప్రయాణ బడలికతో నిలబడి ఉండగా అతడు అన్న ఆ మాట నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ కలిగించింది. అక్క ఆ రాత్రి భోజనం కూడా సరిగా చేయలేదు. తమ కోసం ఇంత ఖర్చా అని ఆమె బెంగ. ఇటువంటి తప్పనిసరి రుసుములను మొదట చూపించే ధరలోనే కలపాలని అమెరికా సమాఖ్య వాణిజ్య సంఘం చేసిన నియమం 2025 మేలో అమలులోకి వచ్చింది. అయినా పన్నులు, పార్కింగ్ ఆ ధరకు బయటే ఉండవచ్చు గనుక, గది తీసుకునే ముందు ఫోను చేసి అన్నీ కలిపి ఎంతో అడిగి తెలుసుకోవడం మంచిది.

మరో చిక్కు క్లార్క్ వీధిలోని ఒక బార్‌లో ఎదురైంది. బావగారికి అరవై దాటాయి, తల పూర్తిగా నెరిసింది. అయినా వయసు రుజువు చూపించమన్నారు. ఆయన చూపిన మన దేశపు డ్రైవింగ్ లైసెన్సును తిప్పి తిప్పి చూసి, ఇది చెల్లదని చెప్పి బీరు పోయలేదు. భారతదేశం నుంచి వచ్చే పెద్దలు ఇటువంటి చోట్లకు పాస్‌పోర్టు వెంట తీసుకువెళ్ళడం తప్పనిసరి. మరునాటి నుంచి బావగారి చొక్కా జేబులో పాస్‌పోర్టు కదలలేదు.

ఇక రిగ్లీ ఫీల్డ్. రెడ్ లైన్ రైలులో (2024లో ఒక్కొక్కరికి రెండున్నర డాలర్లు) ఆడిసన్ స్టేషన్‌లో దిగితే మైదానం ఎదురుగానే కనిపిస్తుంది; చుట్టుపక్కల ఖాళీ స్థలాలవారు పార్కింగుకు అడిగే 50, 60 డాలర్లు ఇవ్వనక్కరలేదు. 1914లో కట్టిన మైదానం ఇది. ఆటస్థలం అంచున ఉన్న గోడ నిండా అల్లుకున్న తీగను 1937లో నాటారు. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుపోతే బ్యాటరుకు రెండో బేస్ (పరుగు దారిలోని రెండో మజిలీ) వరకు మాత్రమే ఇస్తారని చెప్పినప్పుడు, క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగని బావగారు మొదటిసారి ముందుకు వంగి కూర్చున్నారు. స్కోరు బోర్డు అంకెలను ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు. ఆయన ఆట కంటే దానినే ఎక్కువ చూస్తూ, చిన్నప్పుడు గుంటూరు మైదానాల్లో పలకలు తగిలించే కుర్రాళ్ళ గురించి అక్కతో చెప్పుకొచ్చారు. 1988 దాకా ఇక్కడ దీపాలే లేవు. నేటికీ పగటి ఆటలు ఎక్కువగానే జరుగుతాయి, పగటి ఆటకు వెళ్తేనే ఆ పచ్చదనం కంటికి నిండుగా ఆనుతుంది. టికెట్ ఒక్కొక్కరికి 68 డాలర్లయింది. పై అంతస్తును మోసే ఇనుప స్తంభాలు కొన్ని సీట్లకు అడ్డం వస్తాయి గనుక, టికెట్ కొనేటప్పుడు పరిమిత దృశ్యం అన్న సూచన ఉన్నదేమో చూసి, ఉంటే వదిలివేయాలి.

బీరు విషయంలో మాత్రం రిగ్లీ నన్ను ఉత్సాహపరచలేదు. డబ్బా 15 డాలర్లకు దగ్గరగా ఉన్నది, అందులో స్థానికమని చెప్పుకోదగినది తక్కువ. షికాగోలో 1988లో మొదలైన గూస్ ఐలండ్ బీరు సంస్థను 2011లో ఆన్‌హైజర్-బుష్ అనే భారీ బీరు కంపెనీ కొనేసింది. అభిమానుల చేతుల్లో దశాబ్దాలుగా కనిపించే ఓల్డ్ స్టైల్ బీరు పుట్టినది విస్కాన్సిన్‌లో. షికాగో బీరు రుచి కోసం ఆట ముగిశాక ఆ ఊరిలోనే మిల్వాకీ అవెన్యూలో ఉన్న రెవల్యూషన్ బీరుశాలకు వెళ్ళాము; అది 2024 చివరలో మూతపడింది. వారి యాంటీ-హీరో బీరు చేదుగా, నారింజ తొక్క వాసనతో ఉంటుంది. నాకు నచ్చింది, బావగారికి నచ్చలేదు.

శుక్రవారం మిల్వాకీ చేరాము. అక్కడి హోటల్‌లో పన్నుతో కలిపి 148 డాలర్లు, పార్కింగ్ ఉచితం, చెప్పిన ధరే బిల్లులో వచ్చింది.

ఆ సాయంత్రం నదీతీరాన ఉన్న లేక్‌ఫ్రంట్ బ్రూవరీ అనే బీరు తయారీశాలకు వెళ్ళాము. ఇద్దరు అన్నదమ్ములు 1987లో ప్రారంభించిన ఈ సంస్థ ఇప్పుడు ఒకనాటి బొగ్గు విద్యుత్ కేంద్రం భవనంలో నడుస్తున్నది. శుక్రవారం రాత్రి చేపల వేపుడు భోజనం విస్కాన్సిన్ అంతటా ఉన్న ఆచారం. ఇక్కడ దానికి పోల్కా వాద్యబృందం కూడా తోడవుతుంది. పొడుగాటి బల్లల మీద అందరూ కలిసి కూర్చోవలసిందే. మా పక్కన కూర్చున్న వృద్ధ దంపతులు అక్కకు చీజ్ ముద్దల వేపుడు పళ్ళెం జరిపి, వేడిగా ఉన్నప్పుడే తినాలని పట్టుబట్టారు. శాకాహారి అయిన అక్క ఈ ప్రయాణంలో తృప్తిగా తిన్నది మొదటిసారి అక్కడే. రివర్‌వెస్ట్ స్టైన్ అనే రాగిరంగు లాగర్ బీరు బావగారికి నచ్చి, మరో గ్లాసు తెప్పించుకున్నారు. మిల్వాకీ జట్టు వారి పాత మైదానంలో బర్నీ బ్రూవర్ అనే బొమ్మ మనిషి నివసించిన చెక్క ఇంటిని ఈ బ్రూవరీలోనే పదిలపరచారు. ఆ ఊరిలో ఆట, బీరు ఒకే ఇంటి బిడ్డల్లా పెరిగాయి. పాబ్స్ట్, ష్లిట్స్, బ్లాట్స్, మిల్లర్ అనే బీరు సంస్థలన్నీ అక్కడివే. 1855 నాటి మిల్లర్ కర్మాగారం నేటి మైదానానికి చేరువలోనే ఉన్నది.

శనివారం ఆటకు మూడు గంటల ముందే పార్కింగ్ స్థలంలోకి వెళ్ళాము. ఇది ఎంతమాత్రం మానకూడని ముచ్చట. వందల కార్ల వెనుక తలుపులు తెరిచి, పొయ్యిలు పెట్టి, ఉల్లిపాయలతో బీరులో ఉడికించిన బ్రాట్‌వర్స్ట్ అనే మాంసపు సాసేజ్‌లను నిప్పుల మీద కాలుస్తుంటారు. మా పక్క కారువారు మేము డబ్బాలోంచి పులిహోర తీయడం చూసి అదేమిటని అడిగారు. నా భార్య నాలుగు కాగితపు పళ్ళాల్లో వడ్డించి ఇచ్చింది. వారు మా కోసం మొక్కజొన్న పొత్తులు వేరే జాలీ మీద, మాంసం తగలకుండా కాల్చి ఇచ్చారు. అడగకుండానే అంత జాగ్రత్త తీసుకున్నందుకు నాకు నోట మాట రాలేదు. బావగారి చేతిలో ఒక స్పాటెడ్ కౌ సీసా పెట్టి, ఇది మా రాష్ట్రంలో తప్ప ఎక్కడా దొరకదని చెప్పారు. నిజమే, 1993లో మొదలైన న్యూ గ్లారస్ సంస్థ తన బీరును విస్కాన్సిన్ దాటి అమ్మదు. లేత పసుపు రంగు, కొద్దిగా మసక, పండు వాసన, చేదు దాదాపు లేదు. “బావమరిదీ, ఇంత దూరం వచ్చింది దీనికోసమేనయ్యా” అన్నారు బావగారు నాతో. షికాగో బిల్లు మీద ఆయన మౌనం ఆ మాటతో వీడింది.

మైదానం 2001 నాటిది. ఆ మధ్యాహ్నం వాన కురిసింది, విసనకర్రలా విచ్చుకునే పైకప్పును మూసివేశారు, ఆట నిమిషం కూడా ఆగలేదు. దూరం నుంచి వచ్చేవారికి ఈ హామీ చిన్నది కాదు. పై అంతస్తు టికెట్ 24 డాలర్లు. ఆరో ఇన్నింగ్స్‌లో సాసేజ్ వేషాలు వేసుకున్న ఐదుగురు పరుగు పందెం పెట్టుకోగా అక్క లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సొంత జట్టు హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సరు వంటి దెబ్బ) కొట్టిన ప్రతిసారీ బర్నీ జారుడుబల్ల మీదుగా కిందికి జారుతాడు. 2023లో పిచ్చరుకు, అంటే బంతి విసిరేవాడికి, గడియారం పెట్టి ఆటలను కుదించిన తరువాత, ఏడో ఇన్నింగ్స్‌తో ఆపే బీరు అమ్మకాన్ని ఇక్కడ ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా పొడిగించారు. మా కారు నడిపినది నా భార్య. ఆమె మద్యం ముట్టదు. అటువంటి తోడు లేనివారు పార్కింగ్ సంబరం నీళ్ళతో చేసుకోవాలి, లేదా టాక్సీలో రావాలి. ఈ విషయంలో రాజీ తగదు.

తిరుగు ప్రయాణంలో ఇల్లినాయ్ సరిహద్దుకు ముందు కెనోషాలో ఆగి, స్పాటెడ్ కౌ పన్నెండు సీసాల పెట్టెలు రెండు కొన్నాము. పెట్టె 18 డాలర్లు. కొనదలచినవారు అక్కడే కొనుక్కోవాలి, సరిహద్దు దాటితే ఏ దుకాణంలోనూ దొరకదు.