అమ్మ తుంటి ఆపరేషన్: మత్తు డాక్టర్ల టీమ్‌కి 5కి 4

గత నెల అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. 71 ఏళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. కోసే డాక్టర్ గురించి అందరూ రాస్తారు, నేను మత్తు గురించే రాస్తున్నాను, మా ఇంట్లో టెన్షనంతా దాని మీదే మరి.

ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరమ్మ మంచం దగ్గరికే వచ్చి కూర్చున్నారు. నోరు తెరిపించి కదిలే పళ్లున్నాయా చూశారు, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని ఓపిగ్గా అడిగారు. చుట్టాలేమో పూర్తి మత్తిస్తే పెద్దావిడకి మతి పోతుందని బెదరగొట్టేశారు, అమ్మకేమో వెన్నులో సూదంటే జీవితాంతం నడుం నొప్పని భయం. ఏది మంచిదండీ అని సూటిగానే అడిగేశాను. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1600 మంది మీద చేసిన రీగెయిన్ అనే ట్రయల్ 2021లో వచ్చిందట, 60 రోజులకి చనిపోయినవాళ్లూ కొత్తగా నడక పోయినవాళ్లూ కలిపి వెన్ను మత్తులో 18.5 శాతం, పూర్తి మత్తులో 18 శాతం. మతి తప్పడం కూడా రెండింట్లోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి. "రెండూ ఒకటేనమ్మా, మీకేది ధైర్యంగా ఉంటే అదే చేద్దాం" అన్నారు అమ్మతో. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ వెన్ను మత్తుకే ఒప్పుకుంది.

పొద్దున లోపలికి తీసుకెళ్లే ముందు రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెడితే రీడింగ్ రాలేదు, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. సిస్టర్ అమ్మ వేళ్లని తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్ది, వెచ్చబడ్డాక మళ్లీ పెట్టింది. అది చూస్తే పాత సంగతొకటి గుర్తొచ్చింది: మన హైదరాబాద్‌లోనే 1889లో ఆరో నిజాం డబ్బుతో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ మీద పెద్ద పరిశోధన చేయించి, ఊపిరి ఒక్కటి కనిపెట్టుకుంటే చాలు, గుండెకేం కాదని తేల్చాడు. అది తప్పని, క్లోరోఫామ్ గుండె లయనే చెడగొట్టగలదని 1911లో లెవీ అనే మరో డాక్టర్ చూపించాడు. ఇప్పుడు ఊపిరి, గుండె, బీపీ అన్నీ ఆ స్క్రీన్ మీద నడుస్తుంటే చూసి ఎంత ధైర్యమొచ్చిందో.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, 8 గంటలకన్న ఆపరేషన్ మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలైంది, రాత్రి 10 నుంచి అమ్మకి చుక్క నీళ్లివ్వలేదు. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చని డాక్టరమ్మే చెప్పారు, ఆ మాట వార్డు దాకా చేరలేదు. నాలుక పిడచకట్టుకుపోయి అమ్మ అడుగుతుంటే నేను ఊరుకోబెట్టాల్సి వచ్చింది, చాలా బాధేసింది. సంతకం పెట్టించిన కాగితం కూడా మొత్తం ఇంగ్లీషులోనే ఉంది.

ఆపరేషన్ అయ్యాక మతి తప్పకుండా ఉండాలంటే కళ్లజోడు తీసేయొద్దనీ, ఇది ఏ రోజు, టైమెంత అని మాటల్లో చెబుతూ ఉండమనీ చెప్పారు. మొదటి రాత్రి అమ్మ నన్ను పిన్ని పేరుతో పిలిచింది, గుండె జారిపోయింది. తెల్లారాక నా పేరు పెట్టే పిలిచి కాఫీ అడిగింది.